ఎడమ చుట్టు

పోయిన వారం ఎలీసబెతుని మనం మంచి చోట వదిలి రాలేదు. పెడనలో వాళ్ళింటి వసారాలో, ఒళ్ళో టేకు దిమ్మ, చేతిలో ఉలి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా వదిలేసి వచ్చాం. చెక్కడమంతా పూర్తయ్యాక, ఆకురాయితో నునుపు చేసి, నూనె గుడ్డతో తుడిచి, వెలుతురులోకి తిప్పి చూసుకున్నాక అప్పుడు తెలిసింది ఆమెకి, గాడులన్నీ తిరగబడ్డాయని.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. దివిసీమలో లంకపాలెం ఆడవాళ్ళు తాటి మొవ్వాకుతో టోపీలు అల్లుతారు. నాట్లు వేసేవాళ్ళూ, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళూ, మంగినపూడిలో వలలు లాగేవాళ్ళూ ఒకప్పుడు ఆ టోపీ లేకుండా వానలోకి దిగేవాళ్ళు కాదు. అది అల్లాలంటే తలకాయంత చెక్క దిమ్మ ఒకటి కావాలి. దాని నడినెత్తి నుంచి అంచు దాకా చుట్టూ తిరుగుతూ గాడులు ఉంటాయి. తడి ఆకు ఆ గాడిలో కూర్చుంటూ పోతే టోపీ తయారవుతుంది. పాత దిమ్మ అరిగిపోయాక, గుడివాడలో చెక్క మిషను షాపున్న సుందరరాజు కొత్త దిమ్మ చేసిచ్చాడు. అప్పట్నుంచీ టోపీలు కారుతున్నాయి. జనం ప్లాస్టిక్ కవర్లు కప్పుకోవడం మొదలెట్టారు. అల్లికదారుల సంఘం పెద్ద కల్పన చూసి చూసి, ఇంకో దిమ్మ కావాలంది. సుందరరాజు ఒకటి తెస్తానన్నాడు. కలంకారీ అచ్చులు చెక్కే ఎలీసబెతు ఒకటి తెస్తానంది. ఎవరి దిమ్మ మీద టోపీ కారదో వాళ్ళదే మూల దిమ్మ. ఇక ముందు చేసే దిమ్మలన్నీ దాన్ని చూసే చెయ్యాలి.

ఇంతవరకైతే ఇది చెక్కపని గొడవే. కానీ ఎలీసబెతు వాళ్ళమ్మ కృపాకుమారి నలుగురి ముందూ ఒక మాట అనేసింది. ఆ అరిగిపోయిన పాత దిమ్మ చెక్కింది తన తల్లి సలోమి అని ఆవిడ చిన్నప్పట్నుంచీ చెబుతోంది. చెక్కించినవాళ్ళూ, చూసినవాళ్ళూ ఉప్పెనలో కొట్టుకుపోయారు. సాక్ష్యం లేదు. పాత దిమ్మకి ఉన్న ఇనుప కట్టు మా తాత శోభనాద్రి బిగించింది, దిమ్మ చెక్కిందీ ఆయనే అని సుందరరాజు అంటాడు. ఊరు అతని మాటే నమ్మింది. కృపాకుమారికి 'కోతల కృపమ్మ' అని పేరు పెట్టింది. ఆ పేరుతోనే ఆవిడకి పెళ్ళయింది, బిడ్డ పుట్టింది, జుట్టు నెరిసింది. చివరికి విసిగిపోయి, "నా కూతురి దిమ్మ ఓడిపోతే, మా అమ్మ చెక్కలేదని నా నోటితోనే చెప్తాను" అనేసింది.

అదీ సంగతి. ఇప్పుడు ఆ కూతురు గాడులు తిరగేసి చెక్కింది.

ఎందుకు తిరగేసిందో పెడన వాళ్ళకి చెప్పక్కర్లేదు. అచ్చు మీద కుడికి చూసే చిలక గుడ్డ మీద ఎడమకి చూస్తుంది. అందుకని అచ్చులు చెక్కేవాళ్ళు ఏది చెక్కినా తిరగేసే చెక్కుతారు. ఊహ తెలిసినప్పట్నుంచీ ఎలీసబెతు చెయ్యి అలాగే పెరిగింది. సంఘం వాళ్ళిచ్చిన టోపీని ఎదురుగా పెట్టుకుని, దాని చుట్టు చూస్తూ చూస్తూనే, చెయ్యి తన దారిన తాను పోయింది. కన్ను కుడి అంది, ఉలి ఎడమ అంది. వడ్రంగి ఎవడూ చెయ్యని తప్పు అది.

పోటీ మర్నాడే, కొత్తది చెక్కడానికి వ్యవధి లేదు. పొద్దున్నే తల్లీ కూతుళ్ళు దిమ్మని పాత దుప్పట్లో చుట్టుకుని బయల్దేరారు. బందరులో బస్సు మారి, కిటికీ పక్క సీటు దొరికాక, ఎలీసబెతు ధైర్యం చేసి చెప్పింది.

"అమ్మా, నేనో వెధవ పని చేశాను."

"ఏంటే?"

దుప్పటి విప్పి చూపించింది. కృపాకుమారి గాడి మీద వేలు పెట్టి, చుట్టూ తిప్పుకుంటూ అంచు దాకా వెళ్ళింది. ఏడుస్తుందేమో అనుకుంది ఎలీసబెతు. ఆవిడ నవ్వింది.

"మీ అమ్మమ్మకీ ఇదే జబ్బు. సండే స్కూల్లో పలక మీద అక్షరాలు తిరగేసి రాసి దెబ్బలు తినేదంట."

"నవ్వుతావేంటమ్మా! ఆ సుందరరాజు ముందు నువ్వా మాట..."

"అంటే ఏమవుద్దే? ఇన్నాళ్ళూ ఊరంతా అన్న మాటే నేనూ అంటాను. ఒకసారి అనేస్తే ఇంక వినే పనుండదు." అలా అన్నదే గాని, చల్లపల్లి దాటేదాకా ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూనే ఉంది.  అమ్మ ఓడిపోవడానికి సిద్ధమై వస్తోందని ఎలీసబెతుకి తెలిసిపోయింది.

లంకపాలెంలో అల్లిక షెడ్డు కాలవగట్టు మీద ఉంది. వాళ్ళు ఆటో దిగేసరికే సుందరరాజు కారు అక్కడ ఆగి ఉంది. ఆయన మనిషి దిట్టంగా ఉంటాడు. జుట్టుకి రంగు, ముఖానికి పౌడరు, ఒంటి మీద ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. చెడ్డవాడని నేననను. ఎదుటివాడి తప్పు కనిపించిందంటే మాత్రం దాన్ని తన ఇంట్లో పెళ్ళిలా చేసుకుంటాడు.

"రండి పిన్నిగారూ, రండి! రా చెల్లెమ్మా!" వయసులో ఏమంత తేడా లేకపోయినా కృపాకుమారిని ఆయన ఎప్పుడూ పిన్నిగారనే పిలుస్తాడు. ఆ పిలుపులో మర్యాద పాళ్ళు తక్కువ, వెటకారం పాళ్ళు ఎక్కువ.

దిమ్మ దుప్పట్లోంచి బయటికి రాగానే ఆయన కన్ను గాడుల మీద పడింది.  తొడ మీద చరుచుకుని నవ్వాడు.

"కల్పనగారూ, చూశారా అండీ? చెల్లెమ్మ తిరగేసి చెక్కింది! అచ్చులు చెక్కే చేతికి దిమ్మ ఇస్తే ఇంతేనండీ. దీనికి రంగు పూసి దుప్పట్ల మీద అద్దుకోవాలి!"

షెడ్డులో ఆడవాళ్ళు కొంతమంది నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. కల్పన ముఖం మాడిపోయింది. ఎలీసబెతు మీద ఆశ పెట్టుకున్నది ఆవిడే.

"నిజమేనా ఎలీసబెతూ?"

అబద్ధం చెప్పడానికి ఏమీ లేదు, దిమ్మ ఎదురుగానే ఉంది. "నిజమేనండీ. పొరపాటే. చెయ్యి అలవాటు మీద పోయింది," అంది ఎలీసబెతు.  తల్లి వైపు చూడలేకపోయింది.

"మరి దీని మీద అల్లడమెట్లా? మాకందరికీ కుడి చుట్టే వచ్చు," అంటూ కల్పన దాన్ని పక్కకి పెట్టబోయింది.

"ఇటియ్యి దాన్ని."

ఆ మాట మూలనున్న నులక మంచం మీంచి వచ్చింది. నాంచారమ్మది. ఉప్పెన తర్వాత ఆ ఊరికి కోడలిగా వచ్చి, పాత దిమ్మ మీద అల్లడం నేర్చుకున్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆవిడొక్కతే. సుందరరాజు మిషను దిమ్మ వచ్చాక 'నా చెయ్యి ఒప్పుకోవట్లేదు' అని అల్లిక మానేసింది. అప్పట్లో సుందరరాజు, ఆడలేక మద్దెల ఓడందంట అని ఎగతాళి చేశాడు. అప్పటికి కల్పన ఇంకా కాపురానికే రాలేదు. నాంచారమ్మ చేతిలో పనితనం పోయిందని ఊరంతా అనుకుని, క్రమంగా మర్చిపోయారు.

దిమ్మని ఒళ్ళో పెట్టుకుని నాంచారమ్మ కళ్ళు మూసుకుంది. అరచేత్తో నెత్తి మీంచి అంచు దాకా నిమిరింది. పురిటి బిడ్డ తల నిమిరినట్టు నిమిరింది. మళ్ళీ నిమిరింది.

"ఆకు తెండే," అంది.

"అత్తా, అది తిరగేసి ఉంది..." అనబోయింది కల్పన.

"తెమ్మంటుంటే!"

అలా మొదలైంది పోటీ. ఒక పక్క సుందరరాజు తెచ్చిన దిమ్మ ముందు సంఘంలో మంచి అల్లికదారు రేవతి కూర్చుంది. రెండో పక్క మంచం దిగి నాంచారమ్మ కూర్చుంది. రేవతి చెయ్యి చకచకా పోతోంది. నాంచారమ్మ మొదటి ఆకు నడినెత్తి మీద మడిచి, పక్కకి తిప్పడానికి ఎంతసేపు పట్టిందో! సుందరరాజు గడియారం చూసుకున్నాడు. కృపాకుమారి పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోందని ఎలీసబెతుకి తెలుసు.

రెండో వరుసలో ఆ ముసలి చేతికి ఏదో గుర్తొచ్చింది.

చూస్తుండగానే వేగం అందుకుంది. ఆకు తీసుకోవడం, గాడిలో ఉంచడం, తన మీదికి లాక్కోవడం, బొటనవేలితో నొక్కడం. లాక్కున్నప్పుడల్లా ఆకు కిర్రుమంటూ బిగుసుకుంటోంది. ఎలీసబెతు అక్కడే గొంతుక్కూర్చుని ఆ చేతినే చూస్తోంది. తర్వాత రేవతి చేతిని చూసింది. మళ్ళీ ఈ చేతిని చూసింది. 

కుడి చుట్టులో రేవతి ప్రతి ఆకునీ తన నుంచి అవతలికి నెట్టాల్సి వస్తోంది. నెట్టిన ఆకు ఎంత నొక్కినా కాస్త వదులుగానే ఉంటుంది. ఎడమ చుట్టులో నాంచారమ్మ తన మీదికి లాక్కుంటోంది. నెట్టే చేతికీ లాగే చేతికీ ఉన్న తేడా అంతా టోపీలో కనిపిస్తోంది. టోపీలు కారుతున్నది అందుకే! చేతుల్లో లోపం కాదు, ఆకులో లోపం కాదు.

"మామ్మగారూ, ఇంతకు ముందు మీరిలాగే అల్లేవారా?" అని అడిగింది ఎలీసబెతు. 

"ఏమోనే తల్లీ, ఎటు తిప్పేదాన్నో నాకేం తెలుసు? చేతికే తెలుసు," అంది నాంచారమ్మ, చెయ్యి ఆపకుండా.

టోపీలు రెండూ దిమ్మల మీంచి దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. ఇక నీళ్ళ పరీక్ష. లంకపాలెంలో దిమ్మ చెక్కినవాళ్ళే టోపీ పెట్టుకుని కూర్చోవాలి, పైనుంచి బిందెతో నీళ్ళు పోస్తారు. చెక్కినవాడి నెత్తి తడిస్తే దిమ్మ పనికిరాదు. ఎవరు పెట్టారో గాని, ఇంతకన్నా న్యాయమైన పరీక్ష నేనెక్కడా వినలేదు.

సుందరరాజు హుందాగా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. రేవతి అల్లిన టోపీ పెట్టుకున్నాడు. చూడ్డానికి దివ్యంగా ఉంది. కల్పన బిందె వంచింది. ముందు ఒక చుక్క ఆయన చెవి వెనకనుంచి జారింది. తర్వాత నుదుటి మీదికి సన్నగా ఒక ధార దిగింది. దాంతోపాటు పౌడరూ దిగింది, పౌడరు వెనకాల జుట్టు రంగూ దిగింది. ఇస్త్రీ చొక్కా మీద నల్ల చారలు పడ్డాయి. ఎవరూ నవ్వకూడదనే అనుకున్నారు. నాంచారమ్మ కిసుక్కుమంది. ఇక షెడ్డంతా ఆగలేదు.

"చేతులు... చేతులు సరిగా పడలేదండీ," అన్నాడు సుందరరాజు, ముఖం తుడుచుకుంటూ.

ఎలీసబెతు కూర్చుంది. నాంచారమ్మ అల్లిన టోపీ తలమీద బరువుగా, బిగుతుగా కూర్చుంది. బిందెడు నీళ్ళు ధడాలున పడ్డాయి. టోపీ అంచు చుట్టూ నీటి తెర దిగింది. ఆ తెరలోంచి ఆమెకి తల్లి ముఖం కనిపించింది. కల్పన ఆపలేదు, ఇంకో బిందె పోసింది. ఎలీసబెతు టోపీ తీసి, వంగి, తన జుట్టు అందరికీ చూపించింది. పొద్దున తీసుకున్న పాపిట పాపిటలాగే ఉంది.

కేకలు కాలవ అవతలి గట్టుకి వినిపించి ఉంటాయి. రేవతి వచ్చి ఎలీసబెతుని వాటేసుకుంది. తన టోపీ ఓడిపోయిన బాధ ఆ పిల్లకి లేనేలేదు, ఇన్నాళ్ళూ తన టోపీలు కారింది తన చేతి వల్ల కాదని తెలిసిన సంతోషం అది.

కానీ సుందరరాజు ఊరుకుంటాడా?

"ఆగండి, ఆగండి. బాగుంది, కాదనను. కానీ అది పొరపాటున కుదిరింది. చెల్లెమ్మే ఒప్పుకుంది. పొరపాటుకి కిరీటం పెడతారా? మూల దిమ్మ మా తాత శోభనాద్రిది. ఆయన కుడికే చెక్కాడు, నేనూ అలాగే చేశాను."

"కుడికే చెక్కాడని మీకెలా తెలుసు అన్నయ్యగారూ?" అంది ఎలీసబెతు.

"వడ్రంగులం తల్లీ! తరతరాలుగా ఏ చుట్టయినా కుడికే చెక్కుతాం. ఇంకోలా మాకు చేతే రాదు."

ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నాకెంత ఇష్టమో చెప్పలేను.

కల్పన లోపలికి వెళ్ళి పాత దిమ్మ తెచ్చింది. నల్లగా, నున్నగా, పైన గాడి అన్నదే మిగలకుండా అరిగిపోయి ఉంది. అంచు చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు ఇనుప కట్టు. "ఉప్పెనలో పగిలిపోతే మా తాత కట్టు వేసి బతికించిన దిమ్మ ఇది," అన్నాడు సుందరరాజు, కాస్త గర్వం తిరిగొచ్చి.

"కట్టు కింద అరగదు కదండీ," అంది ఎలీసబెతు మెల్లిగా. "అక్కడ గాడి ఎలా చెక్కారో అలాగే ఉంటుంది."



"తీసి చూపిస్తాను!" అన్నాడాయన. కారులోంచి ఉలీ సుత్తీ తెచ్చుకుని, తాత వేసిన మేకుల్ని తానే ఒక్కొక్కటీ ఊడగొట్టాడు. తుప్పు రాలింది. కట్టు విడిపోయింది. కింద చెక్క, నిన్న చెక్కినట్టు ఎర్రగా ఉంది. గాడులు పదునుగా, లోతుగా ఉన్నాయి.

ఎడమకి తిరుగుతున్నాయి.

ఎలీసబెతు తన దిమ్మ తెచ్చి పక్కన పెట్టింది.  గాడి వాలు అదే, మలుపు దగ్గర ఉలిని ఎత్తే తీరు అదే. ఒకే చెయ్యి రెండుసార్లు చేసినట్టుంది.

"వడ్రంగి చెయ్యి కుడికే పోతుందన్నారు కదండీ," అంది. "తిరగేసి చెక్కే చేతులు ఈ జిల్లాలో ఎవరికుంటాయో మీరే చెప్పండి."

 తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు, సుందరరాజు తలదన్నింది ఎవరో కాదు, ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన సలోమి. కల్పన తడిగుడ్డతో తుప్పు తుడిచింది. గాడుల చివర, సరిగ్గా కట్టు కప్పేసిన చోట, చిన్న చేప ఒకటి చెక్కి ఉంది. దాని నోట్లో ఆకు. పెడనలో కృపాకుమారి ఇంట్లో ఉన్న ప్రతి పాత అచ్చు పిడి మీదా ఉండే చేప అది. సలోమి గుర్తు.

కృపాకుమారి ఏడ్చింది. దాచుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు, నలుగురి మధ్యా నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. "చూశారా? చూశారుగా? మా అమ్మ తల మీద టోపీ పెట్టడం నేను చూశాను. ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డాను. నేను కోతలు కొయ్యలేదు!"

"కొయ్యలేదే తల్లీ, కొయ్యలేదు," అంది నాంచారమ్మ. లంకపాలెంలో ఇంకో ఆచారం ఉంది. కొత్త దిమ్మ మీంచి దిగిన మొదటి టోపీ, దిమ్మ చెక్కినవాళ్ళ తలకి ఊళ్ళో పెద్ద అల్లికదారు పెట్టాలి. నాంచారమ్మ టోపీ తీసుకుని ఎలీసబెతు వైపు వచ్చింది. ఎలీసబెతు తల్లిని భుజాలు పట్టుకుని తన ముందు నిలబెట్టింది.

"మా అమ్మమ్మకి పెట్టింది ఈవిడ చూసింది. ఇప్పుడు ఈవిడకి పెడుతుంటే నేను చూస్తాను."

టోపీ పెట్టారు. పెద్దదై కనుబొమ్మల మీదికి జారింది. దాని కింద కృపాకుమారి ఏడుస్తూ నవ్వుతోంది. ఆడవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. ఎవరో "సలోమమ్మ దిమ్మ!" అని అరిచారు. ఆ రోజు నుంచీ దాని పేరు అదే.

ఈ సందడిలో సుందరరాజుని అందరూ మర్చిపోయారు. ఆయన ఇంకా నేల మీదే కూర్చుని ఉన్నాడు. పాత దిమ్మని చేతుల్లో తిప్పుతూ, కట్టు ఉన్న చోట గోటితో గీస్తూ, ఏదో వెతుకుతున్నాడు. చుట్టూ ఒకసారి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. తలెత్తినప్పుడు ఆ ముఖంలో వెటకారం లేదు.

"పిన్నిగారూ," అన్నాడు. "దీనికి పగుల్లేదు."

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగాయి.

"ఎక్కడా పగుల్లేదండీ. నెర్రె కూడా లేదు. పగలని దిమ్మకి మా తాత కట్టెందుకు వేశాడు? అదీ సరిగ్గా ఆ చేప మీద?"

ఎలీసబెతు తల్లి వైపు తిరిగింది. అమ్మ కూడా ఆశ్చర్యపోతుందనుకుంది. కృపాకుమారి ఆశ్చర్యపోలేదు. నవ్వు ఆగిపోయింది, అంతే. తల మీంచి టోపీ తీసి గుండెకి ఆనించి పట్టుకుంది.

"కట్టు ఎలా ఉందో అలా వేసెయ్యి నాయనా," అంది. "ఆదివారం గుడి అయ్యాక పెడన రా. ఒక్కడివే కాదు, మీ అమ్మని కూడా తీసుకురా. తన నాన్న ఆ కట్టు ఎందుకు వేశాడో ఆవిడకి తెలుసు."

"మా అమ్మకా? మా అమ్మకీ మీకూ ఏంటండీ సంబంధం?"

"ఇన్నేళ్ళూ వెటకారానికే పిలిచావుగా నన్ను పిన్నీ అని," అంది కృపాకుమారి. "ఆదివారం మీ అమ్మ ముందు ఒకసారి పిలువు. ఆవిడ ఏమంటుందో నేనూ వినాలి."